డాక్టరమ్మ జవాబులు: రిపోర్టులన్నీ నార్మలే, మరి నొప్పెందుకు?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. ఏడాదిగా తలనొప్పి, కాళ్ల మంటలు, కడుపులో గ్యాస్, గుండె దడ అంటోంది. ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, తల స్కాన్ చేయించాను. అన్నీ నార్మల్. దాదాపు 40 వేలు అయ్యాయి. మొన్న ఊరి పీహెచ్‌సీకి వెళ్తే అక్కడి డాక్టరు ఏవో తొమ్మిది ప్రశ్నలు అడిగి ఎస్సిటాలోప్రామ్ మాత్ర రాశారట. నెట్‌లో చూస్తే అది డిప్రెషన్ మందు. మా అమ్మకు పిచ్చి లేదు మేడమ్. ఎంబీబీఎస్ డాక్టరు ఇలాంటి మందు రాయొచ్చా? అలవాటైపోతే ఏం చేయాలి? ఇంకా మొదలుపెట్టలేదు.
– ఒక కొడుకు, హైదరాబాద్

జవాబు: ఆ డాక్టరు మీద కోపం పెట్టుకోకండి. నాకైతే కాస్త అసూయగా ఉంది. ఆ తొమ్మిది ప్రశ్నలు అడగడం నేర్చుకోవడానికి నాకు ఉద్యోగంలో చేరాక ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లూ ఏం చేశానో చెప్తాను. ఓపీకి రోజుకు వంద మంది వచ్చేవారు. మనిషికి రెండు నిమిషాలు. కాళ్ల మంటలంటే బి కాంప్లెక్స్, గ్యాసంటే పాంటోప్రజోల్, నీరసమంటే సెలైన్ బాటిల్. సెలైన్ ఎక్కించకపోతే మన దగ్గర డాక్టరు చూసినట్టే కాదు కదా. ఒకావిడ పది రోజులకోసారి వచ్చేది. రిపోర్టులు మడత పడకుండా మధ్యలో అట్టముక్క పెట్టి, బట్టల షాపు కవర్లో తెచ్చేది. ఆవిడ గేటు దగ్గర కనబడగానే మా నర్సూ నేనూ ముఖాలు చూసుకునేవాళ్లం. సిగ్గుపడాల్సిన విషయమే, అయినా నిజం.

ఒకరోజు పొద్దుటి నుంచీ ముసురు. ఓపీలో జనం లేరు. ఊరికే అడిగాను, "రాత్రి నిద్ర పడుతుందా అమ్మా?" అని.

"పడుతది. మూడింటికి తెలివైతది. ఇగ పాల బండి సప్పుడు దాక కండ్లు తెరుసుకొనే పంట."

పాల బండి ఎన్నింటికి వస్తుందంటే ఐదున్నరకంది. "మరి ఆ రెండున్నర గంటలు ఏం ఆలోచిస్తవు?" అన్నాను. కవరు ఒళ్లో పెట్టుకుని అట్టముక్క అంచు గోటితో గీకుతూ కూచుంది. చాలాసేపటికి "మనాది మేడమ్" అంది. పెద్దకొడుకు గల్ఫ్ పోయి నాలుగేళ్లట. కంపెనీలోంచి బయటపడి కల్లివెల్లి అయ్యాడు, కాయితాలు లేవు. ఫోన్ చేస్తే మంచిగనే ఉన్న అంటాడు. "అబద్ధమని గొంతు ఇంటేనే తెలుస్తది" అంది. అప్పటిదాకా ఆవిడ ఓపీ చీటీల మీద నేను రాసింది జనరల్ వీక్‌నెస్ అని ఒక్క ముక్క.

మీ అమ్మగారిదీ అదే కథ అనడం లేదు. కానీ మన ఊళ్లలో ఎవరూ వచ్చి "నాకు డిప్రెషన్" అనరు. రంది అంటారు, బుగులు అంటారు, గాబరా అంటారు. అసలు అవీ అనకుండా మంటలు, తిమ్మిర్లు, గ్యాస్ అని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అది నటన కాదు. నొప్పిని తట్టుకునే శక్తినీ, నిద్రనూ, పేగుల కదలికనూ నడిపేదీ మెదడే. డిప్రెషన్‌లో ఆ సర్దుబాటు చెడుతుంది. నొప్పి నిజం, స్కాన్ నార్మల్ అన్నదీ నిజం.

ఆ తొమ్మిది ప్రశ్నలను డాక్టర్లు పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి లాంటివి ఎలా ఉన్నాయో అడుగుతారు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 గానీ అంతకు మించి గానీ వస్తే చికిత్స గురించి ఆలోచిస్తాం. అమ్మగారికి ఎంత వచ్చిందో అడిగి తెలుసుకోండి. రెండు నెలల తర్వాత మళ్లీ అడిగినప్పుడు ఆ అంకె పనికొస్తుంది, బీపీ రీడింగ్ రాసి పెట్టుకున్నట్టే.

ఇంకో పని కూడా చేయండి. ఆ 40 వేల పరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) ఉందా? హిమోగ్లోబిన్, షుగర్, బి12 ఉన్నాయా? థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా మనిషి అచ్చం ఇలాగే ఉంటుంది. తల స్కాన్ చేయించి టీఎస్‌హెచ్ వదిలేసిన ఫైళ్లు నేను చాలా చూశాను.

ఎంబీబీఎస్ డాక్టరు రాయొచ్చా అన్నారు. రాయాలి కూడా. పీహెచ్‌సీ డాక్టర్లకు శిక్షణ ఇస్తే మానసిక సమస్యల్లో చాలావాటిని వాళ్లే చూడగలరని బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 1980ల్లోనే బళ్లారి జిల్లాలో చేసి చూపించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే పెద్దవాళ్లలో దాదాపు 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదనీ తేలింది. (ఆ 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. ఉంటే లెక్క వేరేగా వచ్చేదని నేననుకోను.) దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేనప్పుడు, మీ అమ్మగారు ఎర్రగడ్డ దాకా ఎందుకు రావాలి?

ఇక మందు. మొదటి వారం వికారం, కడుపులో తిప్పడం, కాస్త చిరాకు ఉండొచ్చు. ఫలితం మాత్రం కనబడదు. అందుకే చాలామంది నాలుగో రోజే "ఇది పడట్లేదు" అని పక్కన పడేస్తారు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఇది నిద్రమాత్రలా అలవాటయ్యే మందు కాదు. అలాగని ఒక్కసారిగా ఆపినా తల తిరుగుడు, చిరాకు వస్తాయి, కాబట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పండి. రెండూ కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా, దుబారాగా ఉన్నారా అన్నదీ చెప్పండి. అప్పుడు మందు మారుతుంది. తిండి మానేసినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతోందన్నా, ఆరేడు వారాలకూ మార్పు లేకపోయినా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

మీరు రోజూ ఫోన్ చేసి "తిన్నవా, గోలీ ఏసుకున్నవా" అంటారనుకుంటాను. నా కొడుకూ అంతే. ఒకసారి "మూడింటికి తెలివైతుందా అమ్మా?" అని అడిగి చూడండి.

నా పేషెంటు ఏమైందంటారా? ఎనిమిది నెలలు మందు వాడింది. మంటలు పూర్తిగా పోలేదు. కొడుకు నేను బదిలీ అయ్యేదాకా రానే లేదు. నిద్ర మాత్రం పాల బండి దాటింది.

ప్రశ్న: మా నాన్నకు రోజూ సాయంత్రం కల్లు అలవాటు. మా వైపు అధికారుల దాడులు జరిగి కల్లు బందైంది. మూడో రోజు నుంచి చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటున్నాడు, లేని మనుషులతో మాట్లాడుతున్నాడు. గాలి సోకిందని మా పెద్దమ్మ తాయెత్తు కట్టించింది. ఏం చేయాలి?
– నిజామాబాద్ జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు ఉత్తరంలో ఫోన్ నంబరు రాశారు కాబట్టి సరిపోయింది. పత్రిక వాళ్లు ఆ రోజే మీకు ఫోన్ చేసి 108 పిలిపించారు. ఇక్కడ రాస్తున్నది మిగతావాళ్ల కోసం.

చెట్టు కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలే. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయిన చోట కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అంటే మీ నాన్నగారు ఏళ్ల తరబడి తాగింది మత్తు మందు కలిపిన నీళ్లు. మెదడు దానికి అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా ఆగితే బండికి బ్రేకు తెగినట్టే: వణుకు, చెమటలు, లేనివి కనబడటం, ఫిట్స్. ప్రాణం కూడా పోవచ్చు. బ్రాందీ, విస్కీ రోజూ గట్టిగా తాగేవాళ్లు హఠాత్తుగా మానినా ఇంతే, అందులోనూ మొదటి నాలుగైదు రోజులు చాలా ప్రమాదం.

తాడుతో కట్టేయకండి, గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. ఆస్పత్రిలో మత్తు మందునే లెక్క ప్రకారం ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు, తాగుడు ఉన్నవాళ్లకు థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఇస్తారు. మెల్లగా మనిషి మామూలవుతాడు. తాయెత్తు చేతికి ఉంటే ఉండనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. దాన్ని నమ్మి అంబులెన్సు ఆలస్యం చేస్తేనే పేచీ.

ఇదే జవాబు, చీటీ లేకుండా మెడికల్ షాపులో ఆల్ప్రజోలం కొనుక్కుని రెండేళ్లుగా నిద్రపోతున్న ఆంధ్రా, తెలంగాణ అక్కలందరికీ కూడా. మీరూ రేపటి నుంచి బంద్ అని ఒట్టు పెట్టుకోకండి. ఎన్ని వేసుకుంటున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి, తగ్గించే పద్ధతి ఉంది. 2014 నుంచి ఆ మాత్ర షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ చూసి, పేరు రిజిస్టరులో రాసుకునే అమ్మాలి. మీ షాపతను రాసుకుంటున్నాడా?

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. మా పరిధిలో ఒక రైతు పత్తి పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడట్లేదు. చచ్చిపోవాలని ఉందా అని అడగాలని ఉంది, కానీ అడిగితే నేనే ఆ ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని భయం. పోలీసు కేసు అవుతుందని ఇంట్లోవాళ్లు కూడా నోరు విప్పట్లేదు.
– ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అడగండి చెల్లీ. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనను చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికినట్టవుతుంది. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న అదే.

మొదటి మాటే అది కాకూడదు. పంట గురించి అడగండి, అప్పు ఎంతుందో అడగండి, నిద్ర అడగండి. తర్వాత, "ఇంత కష్టంలో చాలామందికి బతుకుడెందుకు అనిపిస్తది అన్నా, నీకు గట్ల అనిపించిందా?" అనండి. అవునంటే ఉలిక్కిపడకండి, "గట్ల అనకూడదు, పిల్లలున్నరు" అని వెంటనే నీతులు చెప్పకండి. ఎప్పటి నుంచి, ఎలా అని ఏమైనా అనుకున్నాడా, ఇంట్లో ఏముంది అని అడగండి. ఏదైనా అనుకుని ఉంటే ఆ రోజు ఒంటరిగా వదలొద్దు, డాక్టరుకు ఫోన్ చేసి అదే రోజు తీసుకెళ్లండి.

పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీయించండి. పక్కింట్లో తాళం వేసిన గదిలో పెట్టించినా చాలు. ఆ తెగింపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు డబ్బా చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి.

కేసు భయం గురించి ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత ఐపీసీ 309 సెక్షన్ లేనే లేదు. మాట్లాడటానికి 14416 టెలి మానస్ ఉంది, ఏ వేళైనా ఉచితం, తెలుగులో పలుకుతారు. ఆ నంబరు ఇచ్చి వచ్చేయకండి, మీ ఫోన్ నుంచే కలిపి ఆయన చేతికివ్వండి.

ఎల్లుండి మళ్లీ వెళ్తారు కదా? వెళ్తానని ఆయనకు చెప్పి రండి. రోజూ ఇవి వినే మీకు కూడా ఎవరో ఒకరు కావాలి. మీ ఏఎన్ఎం అక్కతో చెప్పుకోండి.

ప్రశ్న: మా పీహెచ్‌సీలో పేషెంటు మాట్లాడుతుంటే వెనక ఇరవై మంది వింటారు. నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. మనసు బాగోలేదని అక్కడ ఎలా చెప్పాలి?
– ఒక అమ్మాయి, ఖమ్మం జిల్లా

జవాబు: గోప్యత మీ హక్కు, 2017 చట్టంలోనే రాసి ఉంది. చట్టం మాత్రం తలుపు బిగించదు. మా సెంటర్లో కర్టెన్ కట్టించడానికే నాకు ఏడాది పట్టింది, అదీ మా ఫార్మసిస్టు వాళ్లింటి నుంచి పాత దుప్పటి తెచ్చి కడితే.

పన్నెండు దాటాక రండి, అప్పటికి జనం పల్చబడతారు. "పర్సనల్‌గా మాట్లాడాలి" అని చీటీ వెనక రాసి ఇవ్వండి. వెనక నిలబడ్డవాళ్లు ఏమైందని అడిగితే థైరాయిడ్ అని చెప్పండి.