అండమాన్ డైవింగ్‌కి నెల సరే, ముందు తిథి చూసుకోండి

జనవరి చివర్లో అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్తున్నాం, డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు అయిపోయింది, అప్పుడు నీళ్లలో విజిబిలిటీ (ఎంత దూరం కనిపిస్తుందనేది) ఎంత ఉంటుంది, సొరచేపలు కనిపిస్తాయా అని మీరు అడిగారు. నెల సంగతి ముందు చెప్పేస్తాను. అక్టోబర్ నుంచి మే దాకా సీజన్. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం బాగా నెమ్మదిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాలు, ఆ రోజుల్లో అల్లకల్లోలంగా ఉంటుంది. నీళ్లు ఏడాదంతా 27 నుంచి 30 డిగ్రీల దగ్గరే ఉంటాయి కాబట్టి చలి గురించి ఆలోచించక్కర్లేదు. మీరనుకున్నది మంచి నెలే.

కానీ నేనైతే నెల చూసి టికెట్ కొనను, తిథి చూసి కొంటాను. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఇంకా జోరుగా ఉంటుంది. అష్టమి, నవమి రోజుల్లో ఆటుపోట్ల తేడా తగ్గి ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది. తీరంలో పుట్టిపెరిగిన ఎవర్ని అడిగినా ఈ మాట చెప్తారు. డైవింగ్‌కి వెళ్లేవాళ్లు మాత్రం హోటల్ రేటింగ్ దగ్గర్నుంచి అన్నీ చూసుకుంటారు, దీన్ని చూడరు.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, పౌర్ణమి వెళ్లిన రెండో రోజు, నేనూ మా తమ్ముడూ హావ్‌లాక్ దగ్గర జానీస్ గార్జ్ అనే డైవింగ్ సైట్‌కి వెళ్లాం. పడవ దిగకముందే సంగతి తెలిసిపోయింది. లంగరు తాడు బిగుసుకుపోయి సన్నగా వణుకుతోంది. నీళ్లు పెసర రంగులో ఉన్నాయి. తాడు పట్టుకుని దిగుతుంటే ఒళ్లంతా ఒక పక్కకి తేలిపోతోంది. పది మీటర్లు దాటాక కింద రాయీ లేదు, పైన పడవ అడుగూ లేదు, ఎటు చూసినా పచ్చటి మసకే. మా తమ్ముడు నా వైపు తిరిగి, ఇదేం బాలేదన్నట్టు చెయ్యి అటూ ఇటూ ఊపాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

24 మీటర్ల దగ్గర బండలు తగిలాయి. డైవ్ మాస్టర్ మమ్మల్ని ఒక పెద్ద బండ చాటుకి రమ్మని సైగ చేశాడు. ఆ చాటుకి వెళ్లగానే, ఈదురుగాలిలోంచి ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నట్టు నీళ్లు ఆగిపోయాయి. అక్కడే ఉండిపోయాం.

నా మొహానికి రెండు జానల దూరంలో, రాతి సందులో ఒక చేప. మూరెడు పొడవు, మట్టి రంగు, నోరు పూర్తిగా తెరుచుకుని కదలకుండా ఉంది. టార్చ్ వేశాను. ఎండుమిరపకాయ ఎరుపు! ఒళ్లంతా నీలం చుక్కలు. అదొక గ్రూపర్. ఎరుపు రంగు పై నీళ్లలోనే ఇంకిపోతుంది, అందుకే అంత లోతులో లైటు వేస్తే తప్ప ఎరుపు కంటికి ఆనదు. దాని నోట్లో వేలంత చేప ఒకటి తిరుగుతోంది, నీలం ఒంటి మీద నల్లటి చార. క్లీనర్ రాస్ అంటారు. గ్రూపర్ పళ్ల దగ్గర అంటుకున్నవన్నీ గీరి తింటోంది. నోట్లోంచి దూరి మొప్పల్లోంచి బయటికొచ్చింది, మళ్లీ చుట్టు తిరిగి వచ్చి దూరింది. గ్రూపర్ ఒక్కసారి ఒళ్లు జలదరించింది. చిన్నది చటుక్కున బయటికొచ్చేసింది. కాసేపటికి మళ్లీ నోరు తెరుచుకుంది, మళ్లీ పని మొదలు. మింగేస్తుందేమోనని నేను ఊపిరి పీల్చినప్పుడల్లా అనుకున్నాను. మింగలేదు.

తల ఎత్తేసరికి బండ మీద వెలుతురు తగ్గింది. వందల ట్రెవల్లీ చేపలు, అన్నీ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, ఉన్నచోటే నిలబడి ఈదుతున్నాయి. వాటి వెనక బారకుడా చేపల గుంపు. కింద ఇసుక మీద వైట్‌టిప్ సొర ఒకటి పడుకుని ఉంది, మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. మేం కదలకపోతే అదీ కదల్లేదు.

నీళ్లని పచ్చగా చేసిన ఆ నలుసులే ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు. దాన్ని తినడానికి చిన్న చేపలు, వాటికోసం పెద్దవి వస్తాయి. ప్రవాహం వడ్డిస్తుంది, ఇవి వరసలో నిలబడతాయి. అద్దంలాంటి నీళ్లున్న రోజుల్లో అదే సైట్‌కి ఇంకో రెండుసార్లు వెళ్లాను, బండలు చక్కగా కనిపించాయి, చేపలు అందులో సగం కూడా లేవు. నా లెక్కలో విజిబిలిటీ పది మీటర్లుంటే చాలు.

పైకొచ్చాక పడవలో ఒకాయన డబ్బులు దండగ అన్నాడు. నీళ్లలో ఆయన్ని గమనించాను. డైవంతా కర్రకి కట్టిన కెమెరాని తన మొహం వైపే తిప్పుకుని, ఒక్కచోట ఆగకుండా ఈదుతూనే ఉన్నాడు. 24 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరికీ పైన పీల్చేదానికంటే మూడు రెట్లకి పైగా గాలి ఖర్చవుతుంది, అంత ఈదితే సిలిండర్ ఎంతసేపు వస్తుంది? ఒడ్డు దగ్గరి సైట్లలో ఇంకా ఘోరం. ఫొటో కోసం పగడాల మీద నిలబడతారు. చేపలు దగ్గరికి రావాలని బిస్కెట్లు చల్లుతారు. 2010 వేసవిలో నీళ్లు వేడెక్కి అండమాన్‌లో చాలా పగడాలు తెల్లబారి చచ్చిపోయాయి. కొమ్ముల పగడం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది, బండలా పెరిగేది అంత కూడా పెరగదు. అలా తిరిగి లేచినదాన్ని ఒక్క కాలితో విరిచేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. తొక్కేవాళ్లని చూసీ ఊరుకునే గైడ్లంటే నాకు ఇంకా కోపం.

మీ విషయానికొస్తే, ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ 18 మీటర్ల వరకే. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి లోతు సైట్లు దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు చేశాకే. ఇప్పటికి లైట్‌హౌస్, అక్వేరియం లాంటి తక్కువ లోతు సైట్లు చాలు. మీ తేదీల్లో అష్టమి ఎప్పుడో చూసి మొదటి డైవ్‌లు ఆ చుట్టుపక్కల పెట్టుకోండి. చెయ్యి తిరిగాక పౌర్ణమికి రండి. జలుబు చేస్తే దిగొద్దు, చెవులు పాడవుతాయి. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలైనా ఉండేలా చూసుకోండి. ఒక చిన్న టార్చ్ తప్పకుండా పెట్టుకోండి, ఎండ బాగా ఉన్న పగలు కూడా.