ముందు బోరు నీళ్ళ సంగతి తేల్చు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. పరీక్ష గొట్టంలో మీ చేపల తొట్టి నీళ్ళు ముదురు ఎరుపుకు తిరిగాయి. నైట్రేటు 80 పీపీఎంకు, అంటే లీటరుకు 80 మిల్లీగ్రాములకు తగ్గదు, ఇంకా ఎక్కువే ఉండవచ్చు. ఆ పై రంగుల్లో తేడా నా కంటికీ ఆనదు. చేపలు మేత తింటూనే ఉన్నాయన్నావు కాబట్టి కంగారు పడకు. దుకాణంవాడు అంటగట్టిన ఆ మందు సీసా మూత మాత్రం ఇప్పుడే తియ్యకు.

చేపల మలం, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఫిల్టరు స్పాంజిలో కాపురమున్న బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ గట్టి విషాలు, మూడోది నెమ్మదిగా కుంగదీసే రకం. ఫిల్టరు పని అక్కడితో సరి. ఇంకో ఫిల్టరు కొన్నా, ఎయిర్ పంపు రాత్రింబవళ్ళు నడిపినా నైట్రేటు తగ్గదు. నీది లాంటి తొట్టిలోంచి అది పోవాలంటే నువ్వు నీళ్ళు తోడి పారబోయాలి, లేదా మొక్కలు పీల్చుకోవాలి.

తోడే ముందు మీ కుళాయి నీళ్ళను అదే కిట్‌తో పరీక్షించు. శివారు అపార్టుమెంటు కదా, సంపులో బోరు నీళ్ళూ ట్యాంకరు నీళ్ళూ కలిసే ఉంటాయి. ఎరువులూ మురుగూ ఇంకిన చోట్ల భూగర్భజలంలోనే నైట్రేటు దండిగా ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. మీ బోరులోనే 40 ఉందనుకో, 80 ఉన్న తొట్టిలో సగం నీళ్ళు మార్చినా 60 దగ్గర ఆగుతుంది. ఎన్ని బిందెలు మోసినా 40 కిందికి దిగదు. అప్పుడు వంటింటి ఆర్‌ఓ నీళ్ళు సగం కలపాలి. మొత్తం ఆర్‌ఓ నీళ్ళే పోయకు, వాటిలో చేపలకు కావలసిన లవణాలు ఉండవు.

పరీక్ష చేసేటప్పుడు కిట్‌లోని రెండో సీసాను అర నిమిషం బలంగా కుదుపు. అందులోని మందు అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే ఉన్న నైట్రేటు లేనట్టు చూపిస్తుంది. చుక్కలు వేశాక గొట్టాన్ని నిమిషం పాటు ఊపి, కిట్ కాగితంలో రాసినంత సేపు ఆగి, పగటి వెలుతురులో రంగు చూడు. ట్యూబులైటు కింద నారింజ ఎరుపులా కనిపిస్తుంది.

చేపల మాట పక్కన పెట్టి ఒకటి చెబుతాను. బోరు నీళ్ళు 45 దాటితే మీ చంటిదానికి పాలపొడి ఆ నీళ్ళలో కలపవద్దు. నెలల పిల్లలకు నైట్రేటు రక్తంలో ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. మరిగిస్తే పోతుందనుకునేరు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది.

ఇక తొట్టి. ఒక్కరోజులో ముప్పావు వంతు మార్చేసి హాయిగా కూర్చుందామనుకుంటావేమో, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. చాన్నాళ్ళు మార్చని తొట్టిలో నీటి క్షారత్వం అరిగిపోయి పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్ళు ఆమ్లంగా మారతాయి. ఆ పుల్లటి నీటిలో అమ్మోనియా దాదాపు హాని చేయని రూపంలో ఉంటుంది. ఒక్కసారిగా క్షారం ఎక్కువున్న బోరు నీళ్ళు పోస్తే అది మళ్ళీ విషంగా మారి, తేటగా కనిపిస్తున్న నీళ్ళలోనే చేపలు తేలిపోతాయి. అందుకని రోజుకు 15 శాతం చొప్పున వారం పాటు మార్చు. కొత్త నీళ్ళలో నైట్రేటు లేకపోతే 80 కాస్తా 26 దగ్గరికి వస్తుంది. ఆ తరువాత వారానికి పావు వంతు చాలు. 40 దాటకుండా చూసుకో, 20 లోపల నిలిస్తే మరీ మంచిది.

నీళ్ళను పైనుంచి మగ్గుతో తోడకు. సైఫన్ గొట్టం మూతిని గులకరాళ్ళలోకి గుచ్చి అడుగు మడ్డి లాగెయ్యి, నైట్రేటు పుట్టిల్లు అదే. స్పాంజిని తోడిన నీళ్ళలోనే పిండు, కుళాయి కింద పెట్టకు, క్లోరిన్ తగిలితే బాక్టీరియా చస్తుంది. మునిసిపల్ నీళ్ళయితే తొట్టిలో పోసే ముందు క్లోరిన్‌ను విరిచే హైపో కలపడం మరవకు.

మొక్కల్లో నాకు నమ్మకం మనీప్లాంటు మీద. సీసాలో ముందే వేళ్ళు పట్టిన కొమ్మలు నాలుగు తీసుకుని, వేళ్ళు నీటిలో, ఆకులు బయట ఉండేలా తొట్టి అంచున వేలాడదియ్యి. గోల్డ్‌ఫిష్ వేళ్ళు కొరికితే చుట్టూ వల ముక్క కట్టు. నీటిపై తేలే అంతరతామర కూడా బాగా పీలుస్తుంది. పెరిగినదాన్ని ఎప్పటికప్పుడు తీసి కుండీలో ఎరువుగా వెయ్యి. తొట్టిలోనే కుళ్ళితే తిన్నదంతా తిరిగి కక్కుతుంది. చెరువులో మాత్రం పారెయ్యకు, చెరువంతా కమ్మేస్తుంది.

మేత మాట నువ్వు దాచినా నాకు తెలుసు. మా అక్కయ్య వచ్చీ పోయీ చిటికెడు చిటికెడు వేస్తూ ఉంటుంది. రెండడుగుల తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లే బరువు, పైగా ఈ మేపడం. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత, వారంలో ఒకరోజు పస్తు. తమ్ముడు చెప్పాడని చెప్పి మేత డబ్బా నీ గదిలో పెట్టుకో.

ట్యాంకరు వచ్చిన రోజున ఒకసారి, రాని రోజున ఒకసారి కుళాయి నీళ్ళ పరీక్ష రంగు చూసి నాకు ఫోను చెయ్యి. ఆర్‌ఓ నీళ్ళు ఏ పాళ్ళలో కలపాలో అప్పుడు లెక్క కడదాం.

మీ మావయ్య