పొలం మాదే, బ్యాంకు ఎందుకు ఒప్పుకోవాలి?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో మాకు పొలం ఉందండి, లోన్ ఇంకా నడుస్తోంది. చెట్లు పెంచి కార్బన్ క్రెడిట్లు (చెట్లు పీల్చుకున్న కార్బన్‌కి ప్రభుత్వమిచ్చే, అమ్ముకోగలిగే యూనిట్లు) తీసుకుందామంటే బ్యాంకు కూడా ఒప్పుకోవాలంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమేనండి. కార్బన్ క్రెడిట్ల మీద అక్కడున్న 2011 చట్టం ప్రకారం ఆ నేల మీద రిజిస్టరైన హక్కున్నవాళ్లు, అంటే తనఖా పెట్టుకున్న బ్యాంకు, రిజిస్టర్డ్ లీజుదారు, నేటివ్ టైటిల్ (ఆదివాసులకి ఆ నేల మీద ఉండే సంప్రదాయ హక్కు) ఉంటే ఆ హక్కుదారుల సంస్థ, అందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చెట్లని 25 ఏళ్లో 100 ఏళ్లో ఉంచాలి మరి (25 ఎంచుకుంటే క్రెడిట్లలో 20 శాతం కోత, అదీ చూసుకోండి), రేపు మీరు కట్టలేక బ్యాంకు పొలం అమ్ముకోవాల్సొస్తే కొనేవాడు ఆ చెట్లు చూసి వెనకాడొచ్చు, వాళ్ల భయం అదే. కన్సల్టెంట్‌కి డబ్బు కట్టకముందే బ్యాంకుని అడగండి, పెద్ద బ్యాంకులు తేల్చడానికి నెలలు పట్టించేస్తాయి. అంతకన్నా ముందు టైటిల్ సెర్చ్ (పొలం మీద ఎవరెవరి హక్కులు రిజిస్టరయ్యాయో చూపే రికార్డు) తీయించండి, ఎప్పుడో తీర్చేసిన పాత లోన్ తనఖా రద్దు చేయించకపోతే అదింకా రికార్డులో కనిపిస్తుంది, అప్పుడు ఆ పాత బ్యాంకు చుట్టూ కూడా తిరగాలి.