అమెరికాలో క్యాథలిక్ స్కూలు: మతం సంగతి తర్వాత, ముందు లెక్కలు అడగండి

“మేము హిందువులం. పాపను ఇంటి దగ్గరి క్యాథలిక్ స్కూల్లో చేర్పిస్తే మతం మార్చేస్తారా?” అని అడిగారు. మార్చరు. మా అమ్మాయి న్యూజెర్సీలో అలాంటి స్కూల్లోనే చదివింది. రోజూ ఒక పీరియడ్ మతబోధ, వారానికొకసారి చర్చిలో పూజ ఉండేవి. సత్ప్రసాదం (క్యాథలిక్కులకు మాత్రమే పంచే పవిత్రమైన అప్పం) ఇచ్చే వేళ మా పిల్ల రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వరుసలో వెళ్లి, ఫాదర్ దీవెన మాత్రం తీసుకుని వచ్చేది. అంతే. ఈ దేశంలో ఆ స్కూళ్లలో చదివే పిల్లల్లో దాదాపు ఐదోవంతు మంది క్యాథలిక్కులు కారు.

మీరు అడగవలసింది వేరే ఉంది. మీ పాప అక్కడ చదువు పూర్తి చేసేదాకా ఆ స్కూలు ఉంటుందా?

మనం గుంటూరు, విజయవాడ కాన్వెంట్లను చూసి పెరిగినవాళ్లం. వాటిలో సీటు దొరకడమే గగనం, మూతపడతాయన్న ఊహే రాదు. ఇక్కడ చిన్న తరగతుల స్కూళ్లు చాలావరకు ఆ పేట చర్చివే. 1884లో బాల్టిమోర్‌లో బిషప్పులు సమావేశమై, రెండేళ్లలో ప్రతి చర్చి దగ్గరా ఒక బడి ఉండాలని తీర్మానించారు. ఐరిష్, పోలిష్, ఇటాలియన్ కూలీలు చందాలు వేసుకుని కట్టుకున్నారు. సిస్టర్లు నామమాత్రపు జీతానికి చదువు చెప్పారు. 1960ల నడుమ 50 లక్షలు దాటిన పిల్లలు ఇప్పుడు 17 లక్షల దరిదాపుల్లో ఉన్నారు. సిస్టర్లు తగ్గిపోయారు, టీచర్లకు పూర్తి జీతాలివ్వాలి, పాత కుటుంబాలు శివార్లకు వెళ్లిపోయాయి.

మా స్కూలు విషయం ఒక జనవరి సాయంత్రం తేలిపోయింది. జిమ్‌లో మడత కుర్చీలు వేసి అందరినీ పిలిచారు. డయోసిస్ (ఒక బిషప్పు కింద ఉండే చర్చిల పరిధి) నుంచి వచ్చిన పెద్దమనిషి తెర మీద ఏటేటా దిగుతున్న పిల్లల సంఖ్య చూపించి, జూన్ తర్వాత స్కూలు ఉండదన్నాడు. మా ఫాదర్ తల వంచుకుని కూర్చున్నారు. వెనక వరుసలోంచి ఒక ముసలాయన లేచి, “ఈ గోడకు మా తాత ఇటుకలు మోశాడు. సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?” అని అడిగాడు. జవాబు లేదు. అంతకు ముందు నవంబరులోనే అదే జిమ్‌లో, కొత్త సైన్స్ ల్యాబ్ కోసమని మా చేత లాటరీ టికెట్లు అమ్మించారు! అది నాకు ఈనాటికీ మింగుడుపడలేదు.

ముందే చెబితే జనం కదులుతారు. 2012 జనవరిలో ఫిలడెల్ఫియా ఆర్చ్‌డయోసిస్ నాలుగు హైస్కూళ్లను మూసేస్తామంటే, పూర్వ విద్యార్థులు, దాతలు రెండు నెలలు తిరక్కుండానే నాలుగింటినీ నిలబెట్టుకున్నారు. కాన్సస్‌లోని విచిటా డయోసిస్‌లో చర్చి సభ్యులు తమ రాబడిలో భాగం ఇస్తారు, వాళ్ల పిల్లలకు ఫీజే ఉండదు. డబ్బు లేక స్కూళ్లు పోతున్నాయని నేను ఒప్పుకోను. లెక్కలు దాచిపెట్టడం వల్లే పోతున్నాయి.

మనవాళ్ల మీదా నాకు కోపముంది. గుడి కట్టడానికి వేల డాలర్లు రాసిచ్చేవాళ్లు, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో (లెంట్), మాంసం మానే శుక్రవారాల్లో స్కూలు కోసం పెట్టే చేపల విందుకు ఒక్కరూ రారు. శాకాహారులైతే టేబుళ్ల దగ్గర వడ్డించవచ్చు కదా? వాట్సాప్‌లో మాత్రం ఆ స్కూలు రేటింగు గురించి అర్ధరాత్రి దాకా చర్చిస్తారు.

ఫీజు కట్టే ముందు ప్రిన్సిపాల్‌ను కలిసి, గత ఐదేళ్లలో ఏ తరగతిలో ఎంతమంది చేరారో, చర్చి ఏటా ఎంత ఇస్తోందో, డయోసిస్‌కు బాకీ ఏమైనా ఉందో అడగండి. క్యాథలిక్కులు కానివారికి చాలాచోట్ల ఫీజు ఎక్కువ ఉంటుంది, కాబట్టి అడిగే హక్కు మీకు నిండుగా ఉంది. కాగితం మీద చూపిస్తే నిశ్చింతగా చేర్పించండి. చూపించకపోతే పక్క ఊరి స్కూలు చూసుకోండి.