పదేళ్ల పిల్లకు ఏ పుస్తకం ఇవ్వాలి?

కొత్తగా అమెరికా వచ్చిన తల్లిదండ్రులు పిల్లలకు మంచి పుస్తకాలు చెప్పమని అడుగుతూనే, అవి చదివే తరగతికి ఒక మెట్టు పైనివైతే మేలు కదా అని కూడా అంటారు. ఆ మెట్టు సంగతి ముందు పక్కన పెట్టమని నా మనవి. 18 ఏళ్ల క్రితం నేనూ మా వాడికి రెండు తరగతుల పైస్థాయి నవల తెచ్చి ఇచ్చాను. పేజీ గుర్తుగా వాడు పెట్టుకున్న సినిమా టికెట్టు మూడు వారాలైనా పన్నెండో పేజీ దాటలేదు. పుస్తకం తిరిగి ఇచ్చే రోజున లైబ్రరీలో పిల్లల విభాగం చూసే ఆవిడ స్థాయి మాట ఎత్తకుండా, ఈమధ్య నీకు బాగా నవ్వు తెప్పించినదేమిటని వాడినే అడిగి, ఆ జవాబును బట్టి ఒక బొమ్మల కథ చేతిలో పెట్టారు. ఇల్లు చేరేలోపే, కారు వెనక సీట్లో, అది సగం అయిపోయింది.

బొమ్మల కథలంటే మనవాళ్లలో చాలామందికి చిన్నచూపు. చందమామలో బొమ్మలు చూస్తూ చదవడం నేర్చుకున్న మనమే అలా అనడం విడ్డూరం. జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్'కు 2020లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఏటా ఇచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. ఒక గ్రాఫిక్ నవలకు, అంటే బొమ్మలతో నడిచే నవలకు, ఆ పతకం దక్కడం అదే మొదటిసారి. తనలాంటివాళ్లు కొద్దిమందే ఉన్న ప్రైవేటు బడిలో చేరిన నల్లజాతి కుర్రవాడి కథ అది. ఇంగ్లిషు మాట అందనిచోట బొమ్మలోని ముఖం అర్థం చెప్పేస్తుంది కనుక, కొత్త బడిలో బిక్కుబిక్కుమంటున్న పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

పిల్లల పుస్తకాలు కొన్ని అద్దాలు, కొన్ని కిటికీలు అని రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు 1990లో రాశారు. తమను తాము చూసుకునేవి కొన్ని, ఇతరుల బతుకులు చూపించేవి కొన్ని అన్నమాట. ఊరు మారిన తొలి నెలల్లో అద్దాలే ఎక్కువ కావాలని నా అభిప్రాయం. థాన్హా లాయ్ 'ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్'లో పదేళ్ల వియత్నాం పిల్ల 1975లో సైగాన్ విడిచి అలబామా చేరి, భాష రాక బడిలో నానా అవస్థలూ పడుతుంది. నవలంతా చిన్న చిన్న కవితలే కావడం వల్ల, లావు పుస్తకం చూసి బెదిరే పిల్లలు కూడా దీన్ని పూర్తి చేయగలరు. వీరా హీరానందాని 'ద నైట్ డైరీ'లో 1947 దేశవిభజన వేళ పన్నెండేళ్ల నిషా చనిపోయిన తల్లికి డైరీలో ఉత్తరాలు రాసుకుంటుంది. అందులో హింస ఉంది కాబట్టి, ముందు మీరు చదివి, తర్వాత ఇవ్వండి.

కిటికీలకు తొందర లేదు. జంతువులంటే ఇష్టమైతే ఒక గొరిల్లాయే కథ చెప్పే 'ద వన్ అండ్ ఓన్లీ ఐవన్', బాస్కెట్‌బాల్ పిచ్చి ఉంటే 'ద క్రాసోవర్' ఇచ్చి చూడవచ్చు. రెండూ న్యూబెరీ పొందినవే అయినా, ఆ పతకం 14 ఏళ్ల వరకూ వయసున్న పాఠకుల పుస్తకాలకు ఇచ్చేది కాబట్టి, అట్టమీది ముద్ర ఒక్కటే చూసి పదేళ్ల పిల్లకు ఏదిపడితే అది తేవద్దు.

లైబ్రరీ కార్డు పిల్ల పేరిటే తీసుకోండి. ఐదు పుస్తకాలు తనే ఏరుకుని, మూడింటిని సగంలోనే తిరిగి ఇచ్చేసినా అడ్డు చెప్పకండి.