పండగ సేల్‌కీ ఇంటి డబ్బుకీ ఒకటే ఖాతానా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. జీతం 36 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు. దసరా సేల్‌లో మిక్సీ బుక్ చేశాను. ‘పార్శిల్ ఆగింది, అడ్రస్ సరిచేయడానికి 5 రూపాయలు కట్టండి’ అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే, వాళ్లు పంపిన యాప్ వేసుకుని కట్టాను. శనివారం రాత్రి 38 వేలు, ఆదివారం పొద్దున 24 వేలు పోయాయి. సోమవారం బ్యాంకుకు వెళ్లి చెప్పాను. బాబు ఫీజుకు లోన్ యాప్‌లో 25 వేలు తీసుకుంటే చేతికి 20,500 వచ్చింది. నెలలో 27,500 కట్టాలి. ఇంకో యాప్‌లో తీసుకుని దీన్ని తీర్చేయనా? సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేయడం) కూడా మొదలుపెట్టాలనుంది.

జవాబు: ఇంకో యాప్ జోలికి అస్సలు వెళ్లకండి. చేతికొచ్చిన 20,500 మీద నెలకు 7 వేలు అదనంగా కడుతున్నారు. అంటే నూటికి 34 రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయలు అడిగితే లేచి వచ్చేస్తాం. ఫోన్‌లో అడిగితే మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నాం? ఇంట్లో నగ ఉంటే బ్యాంకులో కుదువ పెట్టి ఈ వారమే తీర్చేయండి. చీటీ ఉంటే పాడుకోండి. సిప్ మాట తర్వాత చూద్దాం.

ఆ దొంగకు కావాల్సింది మీ 5 రూపాయలు కాదు. ఆ యాప్ మీ మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంది, ఓటీపీలు అటు చేరాయి. అది ఇంకా ఫోన్‌లో ఉంటే ముందు తీసేయండి, ఫోన్ రీసెట్ చేయించండి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఇప్పుడే చేయండి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆదివారం పోయిన 24 వేలు. ఆదివారం బ్యాంకు ఉండదని ఆగారు కదా? బ్యాంకు హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. మన పొరపాటు వల్ల పోయినా, మనం బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయే డబ్బు బ్యాంకే భరించాలని 2017లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. శనివారం రాత్రే ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ 24 వేల భారం మీ మీద పడేది కాదు.

ఇక అసలు తప్పు. జీతం, బాబు ఫీజు, కష్టానికి దాచుకున్నది, అన్నీ యూపీఐ ఉన్న ఒకే ఖాతాలో పెట్టారు. నాకు వచ్చే ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ కనిపించేది ఇదే. మోసపోవడం ఎవరికైనా జరగొచ్చు. కానీ ఒక్క మెసేజ్‌తో పిల్లాడి ఫీజు కూడా పోయే పరిస్థితి ఉండకూడదు. ఆరు నెలల ఖర్చు, మీ లెక్కన 1,68,000 రూపాయలు, ఫోన్ నుంచి తీయడానికి వీల్లేని చోట ఉండాలి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా అయినా, ఇంకో బ్యాంకు ఖాతా అయినా సరే. దానికి కార్డు వద్దు, యూపీఐ వద్దు, యాప్ వద్దు. డబ్బు కావాలంటే పాస్‌బుక్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాలి. ఆ కాస్త ఇబ్బందే మీకు కాపలా.

మీకు నెలకు 8 వేలు మిగులుతోంది. కుదువ అప్పు తీరేదాకా 3 వేలు, తీరాక మొత్తం 8 వేలు అందులో వేయండి. సేల్‌లో ఏదైనా కొనాలంటే ఫోన్‌కు కలిపిన ఖాతాలో ఆ వస్తువు ఖరీదు మాత్రం ఉంచుకోండి, యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి. పార్శిల్ ఎక్కడుందో కొన్న యాప్‌లోనే చూసుకోండి. రేపు పొద్దున ఆధార్, పాన్, రెండు ఫొటోలు తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లి ఆ ఖాతా తెరవండి.