ఉమ్మడి స్టోరేజీ పెట్టె కొనకుండా రెండు మెయిల్ సర్వర్లు

రెండు సర్వర్లతో మెయిల్ క్లస్టర్ (ఒకటి ఆగితే రెండోది పని అందుకునే జత) కట్టాలి, ఉమ్మడి స్టోరేజీ పెట్టె (రెండు సర్వర్లూ వాడుకునే ఒకే డిస్కుల పెట్టె) కొనే స్తోమత లేదు, ఏం చేయాలని అడిగారు. నాలుగు వందల మెయిల్‌బాక్సులతో మేమూ అక్కడే ఆగిపోయాము. అప్పు చేసైనా ఆ పెట్టె కొనకండి. అది ఆగిన రోజున రెండు సర్వర్లూ ఆగుతాయి.

మేము ఒక్కో సర్వర్‌లో రెండేసి ఎస్‌ఎస్‌డీలను రెయిడ్ 1గా (రెండింటిలో ఒకే డేటా ఉండేలా) కట్టి, పైన డీఆర్‌బీడీ పెట్టాము; ఒక సర్వర్ డిస్కు మీది ప్రతి రాతనూ రెండో సర్వర్‌కూ పంపే సాఫ్ట్‌వేర్ అది. 2010లో వచ్చిన 2.6.33 నుంచి అది లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది, లైసెన్సు ఖర్చు లేదు. దాని ప్రొటోకాల్ సి పద్ధతి ఎంచుకుంటే, రెండో సర్వర్ డిస్కు మీద కూడా పడ్డాకే రాత పూర్తయినట్టు లెక్క. కరెంటు పోయినా రాతను కాపాడే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలే తీసుకోండి. డిస్కును ఒకసారికి ఒక సర్వరే మౌంట్ చేస్తుంది (వాడకానికి తెరుస్తుంది) కనుక మామూలు ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ సరిపోతుంది.

ఫెన్సింగ్‌ను (జవాబివ్వని సర్వర్‌ను బలవంతంగా ఆపే ఏర్పాటును) మాత్రం వాయిదా వేయకండి. మేము వేశాము. క్లస్టర్ సంకేతాలు కూడా సర్వర్ల మధ్య ఉన్న ఒకే కేబుల్ మీద నడిపాము. ఒక రాత్రి ఆ కేబుల్ ఊడింది. రెండోది ఆగిపోయిందనుకొని రెండు సర్వర్లూ ఎవరికి వారే డిస్కు మౌంట్ చేసుకున్నాయి. తెల్లవారేసరికి కొన్ని ఉత్తరాలు ఇందులో, కొన్ని అందులో. గుండె జారిపోయింది.

మమ్మల్ని కాపాడింది మెయిల్‌డిర్ అనే నిల్వ పద్ధతి. అందులో ఉత్తరానికో ఫైలు, ఏ రెండింటికీ ఒకే పేరుండదు. ఒక వైపు డేటాను వదిలేయమని డీఆర్‌బీడీకి చెప్పే ముందు, ఆ వైపు ఆ రాత్రి వచ్చిన ఫైళ్లన్నీ బయటికి తీసి రెండో వైపు చేర్చాము. పోల్చేటప్పుడు పేరులో కోలన్‌కు ముందు భాగమే చూడాలి. ఉత్తరం చదివితే కోలన్ తరువాతి అక్షరాలు మారతాయి, పేరంతా పోలిస్తే ఒకే ఉత్తరం రెండుసార్లు కనిపిస్తుంది. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ డవ్‌కాట్ ఉంచుకునే యూఐడీ (ఉత్తరాల సంఖ్యల) జాబితా ఫైలును మాత్రం కాపీ చేయవద్దు, కొత్త ఉత్తరాలకు సంఖ్యలు డవ్‌కాటే ఇచ్చుకుంటుంది.

ఇప్పుడు క్లస్టర్‌ను నడిపే పేస్‌మేకర్ సాఫ్ట్‌వేర్, రెండో సర్వర్ జవాబివ్వకపోతే, ముందుగా ఐపీఎంఐ (సర్వర్ పవర్‌ను దూరం నుంచి నియంత్రించే ఏర్పాటు) ద్వారా రెండో సర్వర్ పవర్ ఆపి, ఆ తరువాతే డిస్కు ముట్టుకుంటుంది. సర్వర్ల మధ్య క్లస్టర్ సంకేతాలు నడిపే కోరోసింక్‌కు ఆఫీసు స్విచ్ మీదుగా మరో దారి, రెండింట్లో ఏది పని చేయాలో తేల్చే మూడో ఓటుకు ఒక పాత కంప్యూటర్ పెట్టాము.

డవ్‌కాట్ సొంత రెప్లికేషన్ (రెండు సర్వర్ల మధ్య మెయిల్ కాపీ చేసే సదుపాయం) వైపు వెళ్లకండి, 2.4 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. బ్యాకప్ వేరుగా ఉండాలి: ఎవరైనా ఫోల్డర్ చెరిపేస్తే డీఆర్‌బీడీ రెండు వైపులా ఆ క్షణమే చెరుపుతుంది. మేము రోజూ రాత్రి మరో గదిలోని మూడో యంత్రానికి కాపీ పంపి, ముప్పై రోజులు ఉంచుతాము.